లోపల ‘స్ట్రాడివారి’ చీటీ ఉంది, మేం కోటీశ్వరులమేనా?

పాత వాద్యాల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది కాజీపేట. మా తాత రైల్వేలో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరయ్యారు, ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడదామని మొన్న అటక ఖాళీ చేస్తుంటే నల్లటి చెక్క పెట్టె ఒకటి బయటపడింది. తెరిస్తే ఫిడేలు! రెండు తీగలు తెగి ఉన్నాయి, కమాను వెంట్రుకలన్నీ రాలి పెట్టె అడుగున పడ్డాయి, ఎత్తి ఊపితే లోపల ఏదో గలగలమంటోంది. పై పలక కన్నంలోంచి టార్చి వేసి చూస్తే ఒక మాసిన చీటీ కనిపించింది. దాని మీద ఇంగ్లిషు అక్షరాల్లో ‘ఆంటోనియస్ స్ట్రాడివారియస్ క్రెమోనెన్సిస్ ఫాసియెబాట్ అన్నో 1721’ అని ఉంది. మా బామ్మర్ది ఫోన్‌లో వెతికి అదే ఏడాది ఫిడేలు ఒకటి కోట్లు పలికిందంటున్నాడు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్, రాత్రి పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాం. మా బాపు మాత్రం నవ్వి, తాత దాన్ని రైల్వే క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర కొన్నాడు, పండక్కి పబ్బానికి భజనలో వాయించేవాడు అంతే అన్నారు. తుడిచి పాలిష్ పెట్టించవచ్చా? ఎవరికి చూపించాలి?

జవాబు: ముందు మీ బామ్మర్దికి ఒక మాట చెప్పండి, కారు షోరూముకు ఇప్పుడే వెళ్లొద్దని.

ఆయన చూసింది అబద్ధం కాదు. 1721లో చేసిన ‘లేడీ బ్లంట్’ అనే ఫిడేలును 2011లో జపాన్ సునామీ బాధితుల సాయం కోసం వేలం వేస్తే 1.59 కోట్ల డాలర్లు పలికింది. చేసినాయన ఇటలీలోని క్రెమోనా ఊరివాడు, ఆంటోనియో స్ట్రాడివారి, 1737లో చనిపోయాడు. ఆయన చేతి వాద్యాలు ఇప్పుడు ఆరు వందల యాభై వరకు మిగిలాయని లెక్క. వాటిలో చాలావాటికి సొంత పేర్లున్నాయి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారాయో చరిత్ర రాసి ఉంది. మీ చీటీలో ఉన్న మాటలకు అర్థం ‘క్రెమోనా వాడైన స్ట్రాడివారి ఫలానా ఏడాది చేశాడు’ అని. ఇదే చీటీ లక్షల ఫిడేళ్లలో ఉంది తమ్ముడూ. పందొమ్మిదో శతాబ్దం చివర జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో, దాని సరిహద్దు అవతల షోన్‌బాఖ్‌లో (ఇప్పుడది చెక్ దేశంలో ఉంది, పేరు లుబీ), ఫ్రాన్స్‌లోని మిర్‌కూర్‌లో ఫిడేళ్లు కుప్పలు కుప్పలుగా చేశారు. మగ్గాల ఊళ్లో ఒకరు నూలు చుడితే, ఒకరు రంగు అద్దితే, ఇంకొకరు నేసినట్టు, అక్కడ ఒక ఇంట్లో తలలు చెక్కేవాళ్లు, ఒక ఇంట్లో పలకలు తొలిచేవాళ్లు, చివరికి వ్యాపారి అన్నీ కలిపించి కేటలాగుల్లో పెట్టి ప్రపంచమంతా అమ్మేవాడు. స్ట్రాడివారి పేరున్న చీటీ అంటించడం వాళ్ల లెక్కలో పచ్చి మోసమేం కాదు, ఆ నమూనాలో చేశామని చెప్పడం. బొంబాయి మిఠాయి బొంబాయి నుంచి రావాలని మనం మాత్రం అడుగుతున్నామా?

సరే, చీటీని వదిలేయకండి, దాని అడుగు కూడా చదవండి. పళ్ల డాక్టరు వాడే బుల్లి అద్దం మెడికల్ షాపులో దొరుకుతుంది, అది లోపలికి దింపి, ఫోన్ టార్చి పక్కన పట్టి చూడండి. చిన్న అక్షరాల్లో ‘జర్మనీ’ అనో ‘మేడిన్ జర్మనీ’ అనో ఉంటే అది 1891 తర్వాతిది అనుకోవచ్చు, ఎందుకంటే ఆ ఏడాది నుంచి అమెరికాకు వెళ్లే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండి తీరాలని అక్కడి చట్టం పట్టుబట్టింది. ‘చెకోస్లొవాకియా’ అని ఉంటే 1918కి ముందుది కానే కాదు, అంతకు ముందు ఆ దేశమే లేదు. ఏమీ లేకపోతే మాత్రం పాతదని ఎగిరి గంతేయకండి, అమెరికాకు వెళ్లని సరుకూ ఉంటుంది కదా.

ఇక చెక్క దగ్గరికి వద్దాం. నాకు తెలిసినంతలో చీటీ అబద్ధం చెప్తుంది, చెక్క చెప్పదు.

పై పలక అంచు వెంట నల్ల గీత ఉంటుంది చూడండి. మంచి పనిలో అది గీత కాదు, నలుపు తెలుపు నలుపు మూడు సన్నటి చెక్క పోచలు కాలువ తవ్వి పొదిగినవి. అందానికి కాదు పెట్టేది, అంచు దగ్గర పుట్టిన పగులు లోపలికి పాకకుండా అక్కడే ఆగాలని. చవక ఫిడేలులో సిరాతో గీసి వదిలేస్తారు. అంచు ఎక్కడైనా చిట్లి ఉంటే భూతద్దంతో ఆ చోట చూడండి, నలుపు చెక్క లోతు దాకా దిగిందా, వార్నిష్‌తో పాటే లేచిపోయిందా తెలిసిపోతుంది. తర్వాత వేళ్లు ఆడే నల్ల పట్టీ. అది ఎబొనీ అయితే అరిగినా నల్లగానే ఉంటుంది (ఎబొనీ మన బీడీ ఆకు తునికి చెట్టుకు చుట్టమే, ఒకే ప్రజాతి), రంగు పూసిన మామూలు చెక్క అయితే వేళ్లు పడ్డ చోట తెల్లగా బయటపడుతుంది. వెనక పలక పొడవు కొలవండి, మెడకు అతుక్కునే చిన్న నాలుక వదిలేసి. 35.6 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వస్తే పెద్దవాళ్ల సైజు, బాగా తక్కువ వస్తే పిల్లల సైజు. అద్దం ఎలాగూ లోపలుంది కాబట్టి పై పలక లోపలి వైపు ఎడమ పక్కన పొడుగ్గా సాగే కడ్డీ మీద ఒక కన్నేయండి. దాన్ని విడిగా చేసి అతికించారా, లేక పలకతో పాటే చెక్కి వదిలేశారా? చెక్కి వదిలేసి ఉంటే అది తొందర పని, కేటలాగు సరుకు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఫిడేలు ఎవరు వాయించారో, ఎలా వాయించారో అరుగుదల చెప్తుంది. పాశ్చాత్య సంగీతం వాళ్లు నిలబడి గడ్డం కింద పట్టుకుంటారు, అందుకని తీగలు కట్టే అడుగు పట్టీ పక్కన చెమట పట్టి వార్నిష్ చెడుతుంది. మనవాళ్లు బాసింపట్టు వేసి కూర్చుని, ఫిడేలు వెనక భాగాన్ని ఛాతీకి ఆనించి, ముందున్న చుట్టను (మెడ చివర చుట్టలా చెక్కిన తలను) కుడి పాదం మీద పెడతారు. ఏళ్ల తరబడి అలా వాయిస్తే ఆ చుట్ట ఒక పక్క పాదం తగిలి తగిలి నున్నబడి, వంపుల పదును పోయి, నాలుగు దశాబ్దాలు జేబులో తిరిగిన రూపాయి బిళ్లలా అయిపోతుంది. వేళ్ల పట్టీ కూడా అంతే. పట్టీ మొదట్లో నాలుగు వేళ్ల మేరే గుంటలు పడితే ఒక రకం చేయి, గమకాలు జార్చే చేయి అయితే తీగ కింద పొడుగ్గా సన్నటి కాలువ పడుతుంది. మీ ఫిడేలులో ఈ రెండు గుర్తులూ దొరుకుతాయని నా అనుమానం, గడ్డం దగ్గర ఆ గార్డుగారిది, చుట్ట దగ్గర మీ తాతది. ఒకసారి చుట్టను కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టి, బొటనవేలితో రెండు పక్కలా తడిమి చూడండి.

గలగల గురించి భయపడొద్దు. పై పలకకూ వెనక పలకకూ మధ్య పెన్సిలంత పుల్ల ఒకటి నిలబెడతారు, సౌండ్ పోస్ట్ అంటాం. జిగురు ఉండదు, తీగల బరువుకే నిలబడి ఉంటుంది. తీగలు తెగాక పడిపోయి ఉంటుంది. ఫ్రెంచి వాళ్లు, ఇటలీ వాళ్లు దాన్ని వాళ్ల వాళ్ల భాషల్లో ‘ఆత్మ’ అంటారు, ఊరికే అనలేదు, అది అర మిల్లీమీటరు జరిగినా గొంతు మారిపోతుంది. అది నిలబడకుండా మాత్రం తీగలు కట్టి బిరడలు బిగించకండి, పై పలక కుంగిపోవచ్చు. ఇది బతిమాలి చెప్తున్నా.

పాలిష్ వద్దు. కొబ్బరినూనె వద్దు. స్పిరిట్ అసలే వద్దు. నాకు ఇరవై రెండేళ్లప్పుడు మా మేనమామ ఫిడేలు మెరిపిద్దామని దూదికి స్పిరిట్ అద్ది తుడిచా, రెండు నిమిషాల్లో దూది ఎర్రబడింది, సంతోషంగా ఎంత మురికి వస్తోందో అనుకున్నా, తీరా చూస్తే వచ్చింది మురికి కాదు, డెబ్భై ఏళ్ల వార్నిష్. మామ తిట్టలేదు, ఆ మచ్చ ఉన్న వైపు కనపడకుండా తిప్పి పట్టుకుని కూర్చునేవాడు. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. పొడి మెత్తటి నూలు బట్టతో దుమ్ము దులపండి, చాలు.

అంచుల చుట్టూ వేలి కణుపుతో మెల్లగా తట్టుకుంటూ రండి. ఎక్కడైనా చప్పుడు పగిలినట్టు, గరగరగా వస్తే అక్కడ అతుకు విడిపోయిందని. మన వరంగల్ ఎండలకు ఇది మామూలే, పైగా మంచిదే. పాత ఫిడేళ్లకు పశువుల తోలుతో కాచిన జిగురు వాడతారు. ఎండకు చెక్క ముడుచుకున్నప్పుడు పలక చీలకుండా ముందు జిగురే వదిలేస్తుంది, మళ్లీ వేడి నీటితో మెత్తబరిచి అతికించవచ్చు. అందుకే దాన్ని ఫర్నిచర్ చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లొద్దు, ఆయన తెల్ల జిగురు పెట్టి బ్రహ్మాండంగా అతికిస్తాడు, ఇక జన్మలో ఊడదు, తర్వాత ఊడదీయాల్సి వస్తే చెక్కే చీలుతుంది.

కమాను వెంట్రుకలు రాలింది పురుగు వల్ల. మూసిన చీకటి పెట్టెల్లో చేరి గుర్రం వెంట్రుకలు కొరికే చిన్న పురుగు అది. పెట్టెను వాక్యూమ్ పట్టి, నాలుగు రోజులు వెలుతురులో తెరిచి పెట్టండి, ఫిడేలును మాత్రం ఎండలో పెట్టకండి. (వెంట్రుకల కమానుతో వాయించే వాద్యం మన దిక్కు కొత్తేం కాదులెండి. ఫిడేలు కాజీపేటలో రైలు దిగకముందే ఆదిలాబాద్ గూడేల్లో ప్రధాన్‌లు, తోటీలు గోండు దేవతల కథలు పాడుతూ కీక్రి వాయిస్తున్నారు, దాని తీగలు కూడా గుర్రం వెంట్రుకలే.)

ఎవరికి చూపించాలంటారా, మొదట వరంగల్‌లోని విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో వయొలిన్ చెప్పే వాళ్లను అడగండి. వాయించడం తెలిసినవాళ్లు, బాగుచేసేవాళ్లలో ఎవరి చేయి మంచిదో వాళ్లకు తెలుస్తుంది. ధర సంగతి కూడా చెప్పేస్తా, మళ్లీ అడుగుతారు కాబట్టి. కేటలాగు ఫిడేలు అయితే బాగుచేయించిన ఖర్చు కూడా అమ్మితే రాకపోవచ్చు. బీరువా తాళం తీసేయండి. కానీ చక్కగా నిలబెడితే ఇంకో యాభై ఏళ్లు పలుకుతుంది, మీ ఇంట్లో పిల్లలెవరైనా నేర్చుకునే ఈడులో ఉంటే కొత్తది కొనే పని తప్పుతుంది.

ప్రశ్న: రిటైర్డ్ తెలుగు టీచర్ని, హనుమకొండ. మా అమ్మమ్మ వీణ నా దగ్గర ఉంది, ఆవిడ 1920లో కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నదట. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్తానంటున్నాడు. అది ఒకే దుంగతో చేసిన ఏకాండి వీణ అని అమ్మ చెప్పేది, నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: టీచర్‌గారూ, ఏకాండి సంగతి తేలికే. వీణ బోర్లించి, గుండ్రటి కుండ, పొడుగాటి దండిని కలిసే చోట చూడండి. విడి ముక్కలు అతికినదైతే ఆ అతుకును దాచడానికి చుట్టూ చెక్కిన పట్టీ ఉంటుంది, దానికి ఇటువైపు చెక్క చారలు ఒక తీరుగా, అటువైపు ఇంకో తీరుగా ఉంటాయి. ఏకాండి అయితే పనస కర్ర చారలు కుండ మీది నుంచి దండిలోకి ఆగకుండా నది పారినట్టు సాగిపోతాయి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఇప్పటికీ ఇలాంటివి చేస్తున్నారు.

అబ్బాయి తీసుకెళ్లడం మాత్రం అంత తేలిక కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళావస్తువును మామూలు మనుషులు దేశం దాటించకూడదు. మీరు చెప్పిన 1920 లెక్కే నిజమైతే ఇది ఆ గీత దాటేసింది. కేంద్ర పురావస్తు శాఖ వాళ్లకు చూపిస్తే, అది పురావస్తువు కాదని తేలితే ఆ మేరకు సర్టిఫికెట్ ఇస్తారు. అది చేతికి వచ్చాకే అబ్బాయిని వీణకు పెట్టె చేయించమనండి. ఇంకోటి, అంచుల్లో తెల్లగా పొదిగిన ముక్కలుంటే భూతద్దంతో చూడండి. అడ్డంగా కోసిన ముఖం మీద ఒకదాన్నొకటి ఖండించుకునే సన్నటి గీతలు, జల్లెడలా, కనిపిస్తే అది ఏనుగు దంతం, దాంతో రెండు దేశాల్లోనూ పేచీ.

నన్నడిగితే వీణను ఇక్కడే ఉంచి అబ్బాయిని ఏడాదికోసారి రమ్మనండి. వేసవిలో జాగ్రత్త, ఇరవై నాలుగు మెట్లూ మైనం మీదే నిలబడతాయి. తేనె మైనం కరగడానికి 62 డిగ్రీలు దాటాలి కానీ మెత్తబడటానికి అంత అక్కర్లేదు, మే నెలలో రేకుల గదిలో ఓ మధ్యాహ్నం ఉంచితే మెట్లు ఒరిగిపోతాయి.

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా అత్తగారింట్లో వసారా గోడకు ఎన్నో ఏళ్లుగా ఒక కిన్నెర వేలాడుతోంది, మూడు సొరకాయ బుర్రలు, వెదురు కర్ర, పైన మైనంలో గుచ్చిన పెంకుల్లాంటి మెట్లు. మా మామయ్య వాళ్ల నాయన కరువు కాలంలో ఎవరికో జొన్నలిచ్చి దీన్ని పెట్టుకున్నాడట. ఈ మధ్య పట్నం నుంచి పాత సామాను కొనే ఆయన వచ్చి నలభై వేలిస్తానన్నాడు. అమ్మాలా, లేక వార్నిష్ కొట్టించి హాల్లో పెట్టుకోవాలా?

జవాబు: అమ్మా, ఆ రెండూ వద్దు.

ముందు మెట్లు లెక్కపెట్టండి. పన్నెండు ఉంటే అది పన్నెండు మెట్ల కిన్నెర. 2022లో పద్మశ్రీ వచ్చిన నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగులయ్య చేతిలో చూసి ఉంటారు, అదే. ఇది డక్కలి వాళ్ల వాద్యం. మాదిగ వాడల్లో జాంబపురాణం చెప్పుకుంటూ ఊరూరా తిరిగిన మనుషులు వాళ్లు.

మెట్టును వేలి గోటి మీద పెట్టి పోల్చండి. గోరులాంటి పదార్థమే, ఒక వైపు సన్నగా, నిలువునా సన్నటి గాట్లు, వెలుతురుకు ఎత్తి పడితే తేనె రంగు. అలా ఉంటే అది అలుగు (ఒళ్లంతా పెంకులుండే, చీమలు తినే జంతువు, ఇంగ్లిషులో పాంగోలిన్) పెంకు. కాల్చి చూడమని ఎవరైనా చెప్తారు, ఆ పని చేయకండి. అలుగును వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో పెట్టారు, దాని పెంకు అమ్మినా కొన్నా నేరమే, ఎంత పాతదైనా సరే. పట్నం ఆయనకు ఈ సంగతి తెలియదని నేను అనుకోను, తెలిసే నలభై వేలన్నాడు. కేసయితే ఆయన దొరకడు, గోడ మీది మేకు మీ ఇంట్లోనే ఉంటుంది. కాబట్టి ముందు అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్లి, ఇది వంశంగా ఇంట్లో ఉన్న వాద్యం, ఏం చేయమంటారో చెప్పండి అని కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి.

వార్నిష్ అంటారా, సొర బుర్ర పలికేది అది పలచగా, పొడిగా ఉండటం వల్ల. మీద వార్నిష్ పొర వేస్తే బుర్ర బరువెక్కి నోరు మూసుకుంటుంది. రాత్రి కింద తెల్ల కాగితం పరచండి, పొద్దున్నే పసుపు పచ్చటి పిండి రాలి ఉంటే లోపల పురుగు బతికే ఉందన్నమాట. అలాగైతే గోడ మీది నుంచి దింపి, తేమ తగలని చోట నూలు బట్టలో చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవరు వద్దు.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్నకు జవాబు. జొన్నలు ఎన్ని ఇచ్చారో, ఆ అప్పు తీరిందో లేదో మీ మామయ్యకు గుర్తుందా? కిన్నెర ఇచ్చిన ఆ మనిషి కరువులో బియ్యం గిన్నె తాకట్టు పెట్టలేదు, బతుకుదెరువు తాకట్టు పెట్టాడు, అది లేకపోతే ఏ వాడలోనూ పాడలేడు, పిడికెడు గింజలు పుట్టవు. మీరు తప్పు చేశారని కాదు, మీరు అప్పటికి పుట్టనేలేదు. మీ ఊరి మాదిగ వాడలో ముసలివాళ్లను అడగండి, మనూరికి ఏ డక్కలి ఇంటివాళ్లు వచ్చేవారు, ఇప్పుడు ఎక్కడున్నారు అని. ఏ ఇంటివాళ్లు ఏ ఊళ్లు తిరిగేవారో ఆ తరం వాళ్లకు నోటికి ఉంటుంది, జాడ తెలియడం పెద్ద కష్టం కాదు. దొరికితే ఒక రోజు భోజనానికి పిలిచి కిన్నెర దింపి ముందు పెట్టండి. అటవీ శాఖ వాళ్లు సరేనంటే ఇచ్చేయొచ్చు, ఆ సంగతి తర్వాత. ముందు వాళ్లు దాన్ని చేతిలోకి తీసుకోగానే ఏ బుర్రను ఎక్కడ ఆనిస్తారో, మైనం ఒక మెట్టు కింద ఎందుకు ఎక్కువ మెత్తారో చూసి చెప్తారు. ఆ మాటలు మీ పిల్లలతో ఫోన్‌లో రికార్డు చేయించండి, నాకూ ఒకటి పంపండి.